మొదటి ఎత్తు

మా ముత్తాత చోడవరం పక్క నాలుగు పల్లెలకు మునసబు. మా తాత పల్లకీ దిగకుండా తగవులు తీర్చినవాడు. ఆ ఇంటివాణ్ణి నేను, మొన్న భుజం నొప్పికి ఐసు సంచీ పెట్టించుకొని, చోడవరంలో ఒక ఫిజియోథెరపీ గదిలో ప్లాస్టిక్ స్టూలు మీద నిటారుగా కూర్చున్నాను. సంచీ తీయగానే నొప్పి లేదని బియ్యం బస్తా ఎత్తబోతున్నవాడిలా లేచేసరికి, అక్కడి అమ్మాయి ఆపింది.

"ఉండండి తాతగారూ. సల్లదనానికి నొప్పి తెలీదు గానీ కండకి సత్తువ తగ్గిపోతాది. కాసేపాగితే ఆ సత్తువ మళ్ళీ అదే వస్తాది."

ఆ మాట మా నాన్నగారికి చెప్పేవాళ్ళు ఆనాడు లేకపోయారు.

నా ఈడువారికి సంగిడి సంగతి కొత్త కాదు. ఆ బరువైన గుండ్రాయిని ఎత్తి భుజం మీదుగా వెనక్కి వేయాలి. అమ్మవారి పండగనాడు మా వాకిట్లోనే పోటీ, మొదటి ఎత్తు మా ఇంటిది. మేం ఎత్తలేకపోతే ఆ మర్యాద ఎత్తినవాడి ఇంటికి పోతుందని మా తాత పెట్టిన కట్టుబాటు. పొలాలు కరిగిపోయాక మాకు మిగిలిన మర్యాద అదొక్కటే.

నేను కాలేజీలో చేరిన ఏడు, పండగ ముందు నాన్నగారి కుడి భుజం పట్టేసింది. చిన్నాన్న ఊకలో పెట్టిన ఐసుగడ్డ తెచ్చి, తువ్వాలులో కట్టి, డప్పులు వాకిట్లోకి వచ్చేదాకా ఆ భుజానికి అదిమి ఉంచాడు. నొప్పి పోయింది, పోయిందంటే బలం వచ్చిందనే అనుకున్నారు అన్నదమ్ములిద్దరూ. నాన్నగారు మీసం సర్దుకొని వంగారు. రాయి మోకాళ్ళు దాటి రొమ్ముదాకా వచ్చి, చెయ్యి మాట వినక, జారి దుమ్ములో పడింది.

"బాబుగోరికి ఇంకో ఐసుముక్క అట్టుకు రండర్రా!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు. మా దగ్గర కౌలుకు చెరకు వేసే రైతు ముందుకొచ్చి, "ఏటీ అనుకోకండి బాబూ" అని నాన్నగారికి దణ్ణం పెట్టి మరీ ఎత్తేశాడు.

జనం వెళ్ళిపోయి పొద్దు వాలుతుండగా, నాన్నగారు అదే రాయిని భుజం మీదుగా విసిరారు. గుమ్మంలోంచి అమ్మ, "ఇప్పుడెవరు చూసేరు?" అంది.

నేను చూశాను.

ఇప్పటి కుర్రాళ్ళు విశాఖలో అద్దాల గదుల్లో ఇనుము ఎత్తుతున్నారు. జారినా వాళ్ళ ఇంటిపేరుకు వచ్చే నష్టమేమీ లేదు. అది మంచిదే కావచ్చు, నాకే అలవాటు కాలేదు. మొదటి ఎత్తు మళ్ళీ మా ఇంటికి రాలేదు. నాన్నగారు పోయాక ఆ వాకిలి, రాయితో సహా, కౌలు రైతు కొడుక్కి అమ్మేశాం.