నాలుగు వేళ్ల సందు

2023 వేసవి. ఒమన్‌లోని ఇబ్రి దగ్గర ఒక తోటలో మా అర్బాబ్, అంటే యజమాని, తల్లి కోసం దుంగల ఇల్లు కట్టిస్తున్నాడు. చలిదేశాల పాత పద్ధతే. దుంగల మధ్య ఉన్ని పెట్టి గాలి దూరకుండా బిగిస్తే ఎండదేశంలో కూడా కొంచెం ఏసీ సరిపోతుందట. పేర్చే పని జగిత్యాల వడ్రంగినైన నాది, నా జోడీ మల్లేశ్‌ది.

"అమ్మకు నచ్చలేదంటే నీకు ఊరికి టికెట్టే," అని అర్బాబ్ హిందీలో ముందే చెప్పాడు.

దుంగలు ఎండేకొద్దీ కుంగుతాయి. అందుకని ప్రతి దర్వాజ, కిటికీ చట్రం మీదా నాలుగు వేళ్ల సందు వదిలి, మెత్తగా ఉన్ని కుక్కి, పైన పలక కొట్టాలి. దాన్ని సెట్లింగ్ గ్యాప్ అంటారు. ఇంజనీరు రెండుసార్లు చెప్పాడు. నేను తలూపాను, అంతే. మా ఊళ్లో దర్వాజకు పసుపు కుంకుమ పెట్టి నిలబెట్టి, గోడను దానికి ఆనించి కడతాం. సందుంటే వడ్రంగి పరువు పోయినట్టే.

"అన్నా, గింత సందు ఇడిస్తె నవ్వరానే?" అన్నాడు మల్లేశ్.

"బొచ్చు కుక్కుడు గూడ ఒక పనేనారా?" అని టేకు చెక్కను చిత్రిక పట్టి, ఆ సందులో సుత్తితో బిగించి, పైన పలక కొట్టాను. కిటికీలకూ అదే మర్యాద చేశాను. ఎంత మురిసిపోయానో!

రెండు నెలలకు అర్బాబ్ తల్లి ఇల్లు చూడటానికి లోపలికి వెళ్లింది. చల్లదనం పోకుండా మల్లేశ్ బయటినుంచి తలుపును బలంగా లాగి మూశాడు. ఇక అది తెరుచుకుంటే ఒట్టు! కిటికీలు కూడా కదల్లేదు. అర్బాబ్ నావైపు చూసిన చూపుకు ఉలి, సుత్తి అందుకుని ఉరికాను.

పలక ఊడదీస్తే నా టేకు ముక్క, దాని మీద కుంగిన దుంగల బరువంతా. మండుటెండలో నా పనితనాన్ని నేనే ఉలితో చెక్కుతుంటే ఏడుపొచ్చింది.

"మరీ మంచిగ కొట్టినవే అన్నా, వస్తలేదు," అన్నాడు మల్లేశ్.

"నోర్ముయ్ రా!"

లోపలినుంచి ఆమె అరబ్బీలో ఏదో కేకేసింది. అర్బాబ్ మొహంలో కోపం పోయి ఆశ్చర్యం వచ్చింది. "తొందర లేదంటోంది. చలేస్తుంటే ఏసీ ఆపేసిందట, అయినా చల్లగానే ఉందట."

చివరికి ముక్క ఊడింది, తలుపు కిర్రుమంది. ఆమె గడపలో నిలబడి, చెమటతో తడిసిన మా ముగ్గురినీ జాలిగా చూసి లోపలికి రమ్మంది. ఇల్లు నచ్చి ఆ రోజే అక్కడికి మారిపోయింది. నా టికెట్ తప్పింది. మర్నాడు నోరు మూసుకుని మిగతా చెక్కలన్నీ ఊడదీసి ప్రతి సందులో ఉన్ని కుక్కాను.

చెట్టును నరికినా చెక్క కదలడం మానదని, దానికి చోటివ్వడం కూడా వడ్రంగమేనని అప్పుడు తెలిసింది. ఆ ముక్కను దాచుకున్నాను. సైట్‌కు కొత్తగా వచ్చిన వడ్రంగులకు ముందు అదే చూపిస్తాను.

"అబ్బ, ఎంత నున్నగ చేసినవే అన్నా!" అంటారు.

"అవ్‌ రా," అంటాను. "ఊరికి పోయేటంత నున్నగ చేసిన."