పిడుగు మాస్టారి భయం

లెక్కల మాస్టారిని పిల్లలు పిడుగు మాస్టారనేవారు. ఆయన ఎక్కం అడిగితే పక్క గదిలోవాళ్లు కూడా లేచి అప్పజెప్పేవారు. అంతటి మహానుభావుడు ఏడో తరగతిలో ఒక ఆడపిల్లకు భయపడేవారు.

ఆ పిల్లకు మూర్ఛ. ఆయన భిన్నాల మీద గర్జిస్తుండగా ఒకరోజు పడిపోయి, గిలగిలా కొట్టుకుంది. డ్రిల్లు మాస్టారు పరుగున వచ్చి ఆమె చేతిలో తాళాలగుత్తి పెట్టాడు. కాసేపటికి దానంతటదే తగ్గింది. కీర్తి తాళాలకు దక్కింది, నేరం తన గొంతుదేనని లెక్కల మాస్టారు తీర్పు చెప్పుకున్నారు.

ఆనాటి నుంచి ఆ తరగతిలో ఆయనది ఆస్పత్రి వరండాలో మాట్లాడే గొంతు. ఆ పిల్లను ప్రశ్న అడగరు, బోర్డు దగ్గరికి పిలవరు. ఎవరి పుస్తకం జారినా ఆయన గుండె ముందు ఆమె బెంచీ దగ్గరికి పరిగెత్తేది.

పరీక్షలో ఆమెకు సున్నా వచ్చింది. పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకొచ్చింది.

"నన్నెందుకు అడగరు సార్?"

"నీకు ఒంట్లో బాగుండదు కదమ్మా."

"మీరు అరిస్తే రాదు సార్. మాత్ర మానేసినా, నిద్ర చాలకపోయినా నాకొస్తుందని డాక్టరుగారన్నారు. వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, చాలు."

"మరి నా తాళాలో?" అన్నాడు డ్రిల్లు మాస్టారు, నొచ్చుకుని.

"వద్దు సార్. మా అమ్మ చేతిలోనూ ఏమీ పెట్టదు, నోట్లోనూ ఏమీ పెట్టదు." మళ్లీ లెక్కల మాస్టారి వైపు తిరిగింది. "ఇలాగే వదిలేస్తే నేను తప్పుతాను సార్. అందరూ పైతరగతికి పోతారు."

మర్నాడు ఆయన ఆమెను బోర్డు దగ్గరికి పిలిచారు. పిలిచాక కుర్చీలు, బల్ల వెనక్కి జరిపించి, ఆమె వెనకే చేతులు చాచి నిలబడ్డారు. ఆమె రాసినంతసేపూ ఆయన చూసింది బోర్డును కాదు, ఆమె మోకాళ్లను.

"రైటు," అన్నారు, ప్రాణం లేచొచ్చి.

"తప్పు సార్," అంది ముందు బెంచీ ఏకగ్రీవంగా.

నిజంగానే తప్పు. ఇంకో పిల్లాడైతే ఈపాటికి ఇంటిపేరుతో సహా దులిపేసేవారు. ఆ పిల్ల తల దించుకుని వాయింపు కోసం ఎదురుచూసింది. మాస్టారు చెమట తుడుచుకున్నారు.

"హారాలు సమానం చెయ్యకుండా కూడేస్తావా? బుద్ధుందా అసలు?"

అనేసి కళ్లు మూసుకున్నారు. గదిలో ఏమీ పడిన చప్పుడు కాలేదు. తెరిచేసరికి, ఆమె బోర్డు తుడుస్తోంది.