వాన వాళ్ళింటికి ప్రయాణం

గొడుగులు బాగుచేసే ఆయన్ని వీధంతా గొడుగుల బాబాయ్ అనే పిలుస్తుంది. భార్యను సముద్రం అవతలి పచ్చని దీవులకు తీసుకెళ్ళాలని ఆయన ఎన్నో ఏళ్ళుగా పైసా పైసా కూడబెట్టాడు. తీరా లెక్క వేస్తే విమానం టికెట్లకే సగం హరించుకుపోయింది. మిగిలినదాంట్లో గది అద్దె, తిండి, పడవల ఛార్జీలు ఎంత బిగించినా వారం దాటలేదు.

"అంత దూరం పోయి, కాళ్ళు తడుపుకుని వచ్చేయడమా!" అని ఆవిడ మూతి ముడిచింది.

మర్నాడు ట్రావెల్స్ అమ్మాయి ఫోనులో ఉపాయం చెప్పింది. "వానాకాలంలో వెళ్ళండి బాబాయ్. టికెట్లు, గదులు, తిండి అన్నీ సగం ధరకే వస్తాయి, మూడు వారాలు ఉండొచ్చు. కాకపోతే రోజూ వాన పడుతుంది."

ఈ మాట ఇంట్లో చెబితే ఇక అక్షింతలే అనుకుంటూ, ఆయన నసుగుతూనే చెప్పాడు.

ఆవిడ కుడుతున్న గొడుగు గుడ్డను పక్కన పెట్టింది. "చినుకు పడితే చాలు, కొట్టుకు పరుగెత్తేవారు. ఒక్కనాడైనా నా పక్కన కూర్చుని వాన చూశారా? ఇన్నేళ్ళూ అదే మనింటికొచ్చి అన్నం పెట్టింది. ఈసారి మనమే వాన వాళ్ళింటికెళ్ళి, ఊరికే కూర్చుని చూసొద్దాం."

ఆయన అటక మీది పెట్టె దించాడు. "అయితే గొడుగులు రెండు సర్దనా?" అన్నాడు.

"లెక్కలు వేసే మనిషేనా మీరు?" ఆవిడ కసిరింది. "ఒకటి చాలు."