సందెవేళకు ఆరిపోయే ఐసు బీరువా

రైలింజను కడుపులో కొండంత మంటను ఆడించిన మా మామయ్యను, రిటైరయ్యాక, బొటనవేలంత నీలి మంట ఒకటి ముప్పుతిప్పలు పెట్టింది. ఆ మంట మా ఇంటి ఐసు బీరువాది. ఫ్రిజ్ అనే మాట అప్పటికి మా పల్లెలో వినపడేది కాదు.

మా ఊరు బిట్రగుంటకు దగ్గరే. అక్కడ రైల్వే కాలనీలో వీధివీధికీ కరెంటు దీపాలు. మాకు మాత్రం ఆ దీపాల వెలుగు దూరంగా ఆకాశం మీద కనపడేది, అంతే. అందుకని మా బీరువా కిరసనాయిలుతో నడిచేది. అడుగున ఒక చిన్న తొట్టి, అందులో వత్తి, దాని మీద పొగగొట్టం. కింద దీపం వెలిగిస్తే పైన చల్లబడుతుంది. ఎట్లా అని నన్నడగకండి. మా ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టరు. ఆయన్నడిగితే అరగంట చెప్పారు, అయినా అర్థం కాలేదు. చూడటానికొచ్చిన పక్కింటావిడ కింద మంట చూసి, పైన చెయ్యి పెట్టి చూసి, "ఇదేం చోద్యమమ్మా, పొయ్యి మీద చలి వండతా ఉండారే!" అని బుగ్గలు నొక్కుకుంది. మా ఆయన చెప్పినదానికంటే అదే నయం.

అంత వస్తువు మాకెందుకంటే, అత్తమ్మకు చక్కెర జబ్బు. రోజూ ఇన్సులిన్ సూది వెయ్యాలి. వేసేది నేనే. కాపురానికి వచ్చిన కొత్తల్లో డాక్టరు దగ్గర నేర్చుకుని, ముందు వంకాయల మీద చెయ్యి తిప్పుకున్నాను. ఆ వారమంతా మా ఇంట్లో వంకాయ కూరే. మందు సీసాను తడి ఇసుక పోసిన కుండలో పెట్టేవాళ్ళం. ఒక ఏడు రోహిణి కార్తెలో ఆ కుండ కూడా వేడెక్కి మందు చెడిపోయింది. అది తెలియక నేను అదే సూది వేస్తూ వచ్చాను. అత్తమ్మ పెరట్లో బట్టలారేస్తూ కుప్పకూలింది. ఆ పూటే రైలెక్కించి నెల్లూరు తీసుకుపోయాం.

"మందు చల్లగా ఉండాల. అట్టా కుదరదంటే ఈమెను పల్లెలో ఉంచబాకండి" అని నెల్లూరు డాక్టరు తేల్చేశారు. నెల్లూరులో మా వదిన, అంటే మా ఆయన అక్క, ఇంట్లో కరెంటు ఫ్రిజ్ ఉంది. "అమ్మను నేను తీసుకుపోతా నాయనా. నీకు చూడాలనిపించినప్పుడు రైలెక్కి రా, నీకు పాసుండాది గదా" అంది వదిన. అత్తమ్మ పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. మామయ్య మాత్రం లేచి నిలబడి, "ఆమె యాడికీ రాదు. ఆ చల్లపెట్టేదో ఇక్కడికే వస్తుంది" అన్నారు.

అన్నట్టే, మళ్ళీ ఎండలు మొదలయ్యేలోపే వచ్చింది. కావలి దగ్గర ఒక మిషన్ బంగళాలో దొరసాని స్వదేశం వెళ్ళిపోతూ సామాను అమ్మేస్తుంటే, మామయ్య దీన్ని కొని ఎద్దుల బండి మీద తెచ్చారు. వీధి తలుపులోంచి ఎట్లాగో పట్టింది గానీ లోపలి గడపలు ఇరుకు. అందుకని ముందు వసారాలోనే, వీధి తలుపుకు ఎదురుగా నిలబెట్టారు. దారిన పోయేవాళ్ళందరికీ కనపడుతుందని మామయ్య లోలోపల సంతోషించారు కూడా. అత్తమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

మొదటి రోజు మంచుగడ్డ కట్టింది. రెండో రోజు సాయంత్రం దీపం ఆరిపోయింది.

ఆరిన దీపాన్ని మళ్ళీ వెలిగించుకుంటే పోయేది. మామయ్య ఊరుకుంటే గదా! "షెడ్డులో ఇంజను ఫెయిలయితే, యాడ తప్పో తేలేదాకా లైను మీదికి పంపం" అని మర్నాడు పొద్దున్నే దాన్ని ఊడదీసి కూర్చున్నారు. కిరసనాయిల్లో నీళ్ళు కలిశాయన్నారు. నా కొత్త వాయిలు చీర కొంగు చింపి వడకట్టారు. రెండు రోజులు వెలిగి ఆరింది. వత్తి కత్తిరింపు వంకరగా ఉందన్నారు. మంగలిని పిలిపించి అతని కత్తెరతో కత్తిరించారు. ఆరింది. బీరువా సమంగా నిలబడలేదన్నారు. దాని నెత్తిన పళ్ళెంలో నీళ్ళు పోసి ఎటు ఒలుకుతాయో చూస్తూ, కాళ్ళకింద పెంకులు పెట్టారు. మళ్ళీ ఆరింది. మధ్యమధ్య ఒకరోజు ఆరకుండా ఉండేది. అప్పుడు మీసం మెలేస్తూ వీధంతా తిరిగి వచ్చేవారు. ఆ మర్నాడే ఆరేది.

మంటను చూసుకోవడానికి బీరువా అడుగున చిన్న అద్దం ఒకటుండేది. దానిలో చూడాలంటే నేల మీద బోర్లా పడుకోవాలి. ఇంటికెవరొచ్చినా ముందు మామయ్య పాదాలు కనపడేవి. వచ్చినవాళ్ళు ఆ పాదాలతోనే మాట్లాడి పోయేవాళ్ళు.

చివరికి షెడ్డులో ఆయనతో పనిచేసిన పాత ఫిట్టరొకాయన వచ్చి, లోపలి గొట్టాల్లో చల్లబరిచే ద్రవం గడ్డకట్టి ఉంటుంది, రెండు రోజులు తలకిందులుగా పెట్టండి అని సలహా చెప్పారు. నలుగురు మనుషులు పట్టి బీరువాను శీర్షాసనం వేయించారు. అత్తమ్మ చూసి లబలబలాడింది. "బొట్టు నేలకు తగల్తా ఉండాదే! లెయ్యండి, దాన్ని లేపండి" అని ఒకటే గోల. కావాలంటే పైన ఇంకో బొట్టు పెట్టుకొమ్మన్నారు మామయ్య. ఆవిడ నిజంగానే పెట్టింది. నిలబెట్టాక చూస్తే బీరువాకు తలకొకటి, కాళ్ళకొకటి బొట్లు. అయినా ఆరింది.

ఇంతలో మందు సీసా మళ్ళీ ఇసుక కుండలోకే పోయింది. మార్చి వెళ్ళిపోతోంది. నేను రోజూ కుండను చేత్తో తడిమి చూసేదాన్ని. మందు చెడకముందే ఈ పీడ తేలాలని దిగులు పడేదాన్ని. అత్తమ్మ నెల్లూరు వెళ్ళిపోతే ఈ ఇంట్లో పగలంతా మామయ్యా, ఆయన పానాలూ స్క్రూడ్రైవర్లూ, నేనూ మిగులుతామని ఇంకో దిగులు.

యంత్రంలో తప్పు దొరకకపోయేసరికి మామయ్య మనుషుల మీద పడ్డారు. రోజూ సాయంత్రం ఆయన సైకిలెక్కి బిట్రగుంట స్టేషనుకు పోయేవారు. ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని, వచ్చే బండినీ పోయే బండినీ చూసి, "బ్రేకు కొట్టేదట్టానా?" అని డ్రైవర్లకు వినపడేలా గొణిగి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవారు. తను చూడకపోతే ఆ బండ్లు పట్టాలు దిగిపోతాయని ఆయన నమ్మకం. సర్వీసులో ఉన్నన్నాళ్ళూ సందెవేళ ఇంట్లో లేరు, రిటైరయ్యాకా లేరు. దీపం ఆరేది ఎప్పుడూ ఆయన స్టేషనుకు పోయినప్పుడే.

"నేను లేనప్పుడు ఎవరో ముట్టుకుంటా ఉండారు" అన్నారు, నావైపు చూడకుండా. అంటే నన్నే. నాకు ఒళ్ళు మండింది. "నా చీర కొంగు మీకిచ్చాక నేను ముట్టుకునేదేముంది మామయ్యా!" అన్నాను. ఆయన ముగ్గుపిండి తెచ్చి బీరువా చుట్టూ గీత గీశారు. ఎవరైనా దాటితే అడుగు పడాలని ఆయన ఎత్తు. తిరిగొచ్చేసరికి దీపం ఆరి ఉంది, గీత చెరగలేదు. పైగా ఆ వంకర గీత చూడలేక అత్తమ్మ దాని పొడుగునా చుక్కలు పెట్టి పద్మాల ముగ్గుగా తీర్చిదిద్దింది. నేరం రుజువు కాలేదు గానీ వసారా కళకళలాడింది.

ఆ ఆదివారం వదిన వచ్చింది. వస్తూనే బీరువా తెరిచి చెయ్యి పెట్టింది. లోపల చింతపండు దాచుకునేంత వెచ్చగా ఉంది. "ఇంక చాలు నాయనా. నీ పంతానికి అమ్మ ప్రాణం మీదికి తేబాకు. శుక్రవారం కారు తీసుకొస్తా, అమ్మను పంపించు" అంది. మామయ్య బీరువా తలుపు మూశారు. అత్తమ్మ ఆ రాత్రే ట్రంకుపెట్టెలో రెండు చీరలు సర్దుకుని, పాలావును ఎప్పుడు పితకాలో, ఊరగాయ జాడీ ఎప్పుడు కలియబెట్టాలో నాకు చెప్పింది. చెబుతూ చెబుతూ లేచి వెళ్ళిపోయింది. నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు మామయ్య స్టేషనుకు పోలేదు. చాప పరుచుకుని పొద్దుటి నుంచి అద్దం ముందు బోర్లా పడుకున్నారు. అన్నం కూడా అక్కడికే. మంట నిక్షేపంగా వెలుగుతూనే ఉంది.

మా ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నమంతా వీధి తలుపు మూసే ఉంచుతాం. పొద్దుగూకేవేళకు అత్తమ్మ పెరటి తలుపు మూసి, వీధి తలుపు బార్లా తీస్తుంది, లక్ష్మీదేవి లోపలికి రావాలని. ఆ వేళకే సముద్రం మీంచి గాలి లేస్తుంది. ఆ రోజూ ఆవిడ తలుపు తీసింది. నేను వంటింటి గడప దగ్గర బియ్యం ఏరుతున్నాను. గాలి రివ్వున వచ్చింది. అత్తమ్మ దేవుడి గదిలోంచి గడప దీపాన్ని కొంగుచాటున పెట్టుకుని, వంగి, జాగ్రత్తగా నడుచుకుంటూ వచ్చింది. ఆవిడ దీపం ఆరలేదు. చాప మీద మామయ్య మాత్రం ఒక్కసారిగా తలెత్తారు. అద్దం నల్లగా ఉంది.

ఆయన తలుపును చూశారు. గడప దగ్గర చేతులు జోడించిన అత్తమ్మను చూశారు. నోరు తెరిచారు. నేను బియ్యం వదిలేసి చూస్తున్నాను, ఇప్పుడు ఇల్లెగిరిపోయేలా కేక పెడతారని. ఆయన నోరు మూసుకుని, అగ్గిపుల్ల గీసి వత్తి వెలిగించి, స్టూలు తెచ్చి తలుపుకూ బీరువాకూ నడుమ వేసి కూర్చున్నారు. ఇంజనులో బొగ్గు ఎగదోసిన వీపు అది, తలుపంత ఉంటుంది.

"ఇదేంది, గుమ్మానికి అడ్డంగా కూచున్నారు? లక్ష్మీదేవి ఎట్టా వచ్చేది?" అంది అత్తమ్మ.

"నా పక్కనుంచి వస్తుందిలే."

"స్టేషనుకు పోరా?"

"బండ్లు నేను చూడకపోయినా నడస్తాయి" అన్నారు. ఆయన నోట ఆ మాట నేను వినడం అదే మొదలు.

మర్నాడు అత్తమ్మ పెరట్లో ఉన్నప్పుడు ఆయన దగ్గరికి పోయి, "ఒక బల్లచెక్క అడ్డం పెడితే పోయేదిగదా మామయ్యా" అన్నాను. ఆయన గొంతు తగ్గించారు. "చెక్క పెడితే ఎందుకని అడుగుద్ది. ఇన్నాళ్ళూ తన వల్లే ఆరిందని తెలిస్తే కుమిలిపోద్ది, రేపట్నించీ తలుపు మూసేస్తుంది. ఆమెకు చెప్పబాకు." నేను సరేనన్నాను. నా చీర సంగతి కూడా ఇంకెత్తలేదు.

శుక్రవారం వదిన కారులో వచ్చింది. మామయ్య బీరువాలోంచి మంచుగడ్డ తీసి ఆమె అరచేతిలో పెట్టారు. వదిన చెయ్యి మార్చుకుంటూ, మార్చుకుంటూ అది కరిగేదాకా పట్టుకుంది. "సరే నాయనా" అని ఒక్క మాట అని, భోంచేసి, ఒక్కతే వెళ్ళిపోయింది. అత్తమ్మ ట్రంకుపెట్టెలోంచి చీరలు తీసి మళ్ళీ దండెం మీద వేసింది.

ఆ తర్వాత ఏళ్ళ తరబడి, ఎండాకాలమైనా వానాకాలమైనా, సందెవేళకు మామయ్య ఆ స్టూలు మీదే. గాలి పడిపోయేదాకా కదిలేవారు కాదు. ఊరికే కూర్చోలేక చిక్కుళ్ళు ఈనెలు తీసేవారు. అత్తమ్మ దీపం పెట్టి వచ్చి, పక్కన కూర్చుని, ఆయన తీసినవి సరిగా లేవని మళ్ళీ తీసేది. ఇద్దరూ పోట్లాడుకునేవాళ్ళు.

మా ఊరికి కరెంటు వచ్చాక మా ఆయన కరెంటు ఫ్రిజ్ కొన్నారు. అది వచ్చిన రోజు సాయంత్రం కూడా అత్తమ్మ తలుపు తీసింది. మామయ్య అలవాటుగా స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఆవిడ దీపం గడపలో పెట్టి, దణ్ణం పెట్టుకుని, వెనక్కి తిరిగింది.

"ఇంక లెయ్యండి. కరెంటు గాలికి ఆరిపోదు."

మామయ్య చేతిలో చిక్కుడుకాయ అట్లాగే ఉండిపోయింది. "నీకెప్పుడు తెలిసింది?"

"మీరు స్టూలేసుకోని కూచున్న నాడే. పెళ్ళయినకాడ్నించీ ఈ గుమ్మంలోకి దీపం తెస్తా ఉండా. గాలి యాడ తగుల్తుందో నాకు తెలీదా?"

"తెలిసీ తలుపు మూయలేదే?"

"ఎందుకు మూస్తా? దీపాలవేళకు మీరు ఇంటిపట్టున ఉండేది అప్పట్నించే గదా" అంది అత్తమ్మ.

మామయ్య లేవబోయి, మళ్ళీ కూర్చుని, చిక్కుడుకాయల చేట ఆవిడవైపు జరిపారు.