మునిలక్ష్మి దించిన పది కిలోలు

తిరుపతి బస్టాండు వెనక సందులో నాలుగంతస్తుల లాడ్జీ ఒకటుంది. అందులో గదులు ఊడ్చి దుప్పట్లు మార్చే మునిలక్ష్మికి ముప్పై తొమ్మిదేళ్లు. ఆమె వస్తోందని తెలిస్తే మెట్లు ముందుగానే ఊపిరి బిగబట్టుకుంటాయని లాడ్జీలో ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టించినవాడు వాచ్‌మన్ మునెయ్య. అతని మాటల్లో సగం కోసి పారేసినా మిగిలిన సగం అబద్ధమే. కానీ డెబ్బై ఎనిమిది కిలోలన్నది మాత్రం నిజం. ఆసుపత్రి తూకం మీద ముల్లు అక్కడే ఆగింది.

తూకం ఎక్కవలసిన పని తమ్ముడి వల్ల పడింది. మునిశేఖర్ పూతలపట్టు కూడలిలో ఆటో తోలేవాడు. ముప్పై మూడేళ్లకే రెండు కిడ్నీలూ చెడిపోయి, వారానికి రెండుసార్లు తిరుపతికి వచ్చి డయాలసిస్ చేయించుకుంటున్నాడు. వాళ్ల అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్లు, మునిలక్ష్మికి పది. సంగటి కెలకడం సరిగా చేతకాక, ఉండలు కట్టినదాన్నే చారులో నాన్చి, చేత్తో చిదిమి, వాడికి తినిపించి పెంచింది. అందుకే కిడ్నీ ఎవరిస్తారని డాక్టరమ్మ అడిగినప్పుడు, బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు, ఇంకొకరు నోరు తెరవకముందే "నేనిస్తా" అంది.

పరీక్షలన్నీ కుదిరాయి. రక్తం కూడా బాగుందన్నారు. బరువొక్కటే అడ్డం.

"పది కిలోలు తగ్గాలమ్మా. నాలుగు నెలలు చూద్దాం" అంది డాక్టరమ్మ.

మునిలక్ష్మి మరునాడే మొదలుపెట్టింది. పొద్దున రాగి జావ, మధ్యాహ్నం కూరగాయలు, రాత్రికి ఒక జొన్నరొట్టె. తెల్లవారుతూనే అలిపిరి మెట్లెక్కి, గాలిగోపురం చూసి, దిగి, పనిలోకి వచ్చేది. దారిలో ఒకనాడు చిరుతపులి ఎదురైందనీ, ఈమె మొహం చూసి, తనకంటే ఈమెకే ఆకలి ఎక్కువగా ఉన్నట్టుందని పక్కకు తప్పుకుందనీ మునెయ్య అందరికీ చెప్పేవాడు. రెండు వారాలకు మూడు కిలోలు తగ్గిందంటే ఎవరైనా నమ్మవచ్చు.

చిక్కంతా నెలసరి వచ్చే ఐదు రోజుల్లో ఉండేది. బయట చేరినప్పుడు ఆమె కొండ మెట్లు తొక్కదు. ఇంట్లో వంటగది గడప దాటదు. లాడ్జీకి మాత్రం రోజూ పోవాల్సిందే, అక్కడ దుప్పట్లకు ఈ సంగతులు పట్టవు. ఇంటికి వస్తే వసారాలో చాప, వేరే కంచం, వేరే చెంబు. అత్త దేవకమ్మ ఏం పెడితే అదే తిండి. నెలంతా తన చేత్తో వండుకుని ఆచితూచి తిన్న మనిషి, ఆ ఐదు రోజులూ అత్త గరిటె కింద పడేది.

దేవకమ్మది పెద్ద చెయ్యి. అన్నం మీద నెయ్యి పోస్తే అన్నం ఈదుకుంటూ పైకి రావాలి. ఆమె కట్టిన మినప సున్నుండ ఒకసారి జారిపడితే వసారాలో కడప బండ నెర్రె ఇచ్చిందని చెబుతారు. ఆ నెర్రె ఇప్పటికీ ఉంది.

"అత్తా, ఇవి నాకొద్దు. జావ కాచి ఇయ్యి, చాలు."

"ముట్టులో జావ తాగితే నడుము నిలబడతాదా మే. మా అమ్మ నాకు పెట్టింది, నేను నీకు పెడతా ఉండా. తిను."

"డాక్టరమ్మ వద్దనింది."

"ఆమెకేం, ఆమె నడుమా? నిన్ను కోసేదీ ఆమే, కోసేదానికి కుదిరినట్టు చిక్కమనేదీ ఆమే. ఒంట్లోది తీసిస్తే మళ్లా చిగురేసేదానికి అదేమన్నా కరేపాకు రెమ్మా?"

ఆ మాటతో మునిలక్ష్మికి సంగతి అర్థమైపోయింది. ముసలామె పెట్టేది ప్రేమతో కాదు, తూకం ముల్లు కిందికి దిగకుండా ఆపడానికి. భర్త చక్రధర్‌తో చెప్పుకుందామంటే, పాల ట్యాంకరు తోలే ఆ మనిషి ఒకే ప్రయాణానికి రెండు బస్సుల టికెట్లు కొనే రకం. "అమ్మ చెప్పేదీ నిజమే, నువ్వు చెప్పేదీ నిజమే" అని మద్రాసు వైపు పోయినాడు.

కాబట్టి ఆమె ఎదురు మాట్లాడడం మానేసి, సున్నుండలు కొంగున కట్టుకుని పోయి మునెయ్యకు ఇవ్వడం మొదలుపెట్టింది. నేతి అన్నం సందు చివర కుక్కకు వేసేది. తను మజ్జిగ తాగి, దోసకాయ ముక్క కొరికి, ఆ ఐదు రోజులూ గడిపేది. మూడు నెలలు తిరిగేసరికి మునిలక్ష్మి ఒంటి మీది కిలోలన్నీ వెళ్లి మునెయ్య పొట్ట మీద కూర్చున్నట్టుగా అతని యూనిఫాం గుండీలు తెగిపడ్డాయి.

ఆ ఐదు రోజుల్లో కొండ మెట్లు లేని లోటు లాడ్జీ మెట్లతో తీర్చుకునేది. కింది నుంచి నాలుగో అంతస్తుకు, మళ్లీ కిందికి. ముప్పైసార్లు ఎక్కి దిగితే గాలిగోపురంతో సమానమని తనకు తానే తేల్చుకుంది. ఆమెతోపాటు గదులు ఊడ్చే రెబెకా మెట్ల మలుపులో చీపురు పట్టుకుని నిలబడి చూసేది.

"అక్కా, ఈ పొద్దు రెండో దినం కదా. చాల్లే, కూర్చో."

"నిన్న ముప్పై ఎక్కినా. ఈ రోజు తగ్గిస్తే ముల్లు పైకి పోతాది."

"నీ మొగం సూసుకున్నావా? ఆ దుప్పటి కంటే తెల్లగా ఉండాది. చాకలోళ్లు వచ్చినారంటే నిన్ను కూడా మడత పెట్టి మూటలో వేసుకుని పోతారు."

మునిలక్ష్మి నవ్వింది. కానీ రెబెకాకు చెప్పని సంగతి ఒకటుంది. మొదట ఐదు రోజులున్నది ఇప్పుడు ఏడు రోజులైంది. ముందు రెండు గంటలకు ఒకసారి గుడ్డ మార్చుకుంటే సరిపోయేది, ఇప్పుడు గంట కూడా ఆగడం లేదు. ఎవరైనా భయపడతారు. ఆమె మాత్రం లోలోపల సంతోషపడింది. పోయేదంతా బరువే కదా అనుకుంది.

నాలుగో నెలలో, బయట చేరిన రెండో రోజున, పద్దెనిమిదోసారి ఎక్కుతూ మూడో అంతస్తు మలుపులో గోడ పట్టుకుంది. గోడ ఆమెను పట్టుకోలేదు. కళ్లు తెరిచేసరికి తల రెబెకా ఒళ్లో ఉంది, మొహం నిండా నీళ్లు. రెబెకా తన క్యారియరు విప్పి ఉడికించిన గుడ్డు నోటి దగ్గర పెట్టింది.

"తినక్కా. ఒక్కటి."

"ఎల్లుండి తూకం ఉండాది. అది అయినాక తింటా."

"తూకం ఎక్కేదానికన్నా మనిషి మిగలాల కదా" అని రెబెకా గుడ్డు తిరిగి గిన్నెలో పెట్టేసింది.

తూకం అరవై ఏడున్నర చూపించింది. మునిలక్ష్మి చెప్పులు వేసుకోవడం మరిచిపోయి డాక్టరమ్మ గదిలోకి వెళ్లింది. డాక్టరమ్మ బరువు చీటీ పక్కన పెట్టి రక్తం చీటీ చూస్తోంది.

"రక్తం మొదట్లో పన్నెండున్నర ఉండింది. ఇప్పుడు ఎనిమిది. ఏం చేశావమ్మా?"

"మీరు తగ్గమన్నారు కదా మేడం. తగ్గినా."

డాక్టరమ్మ ఒక్కొక్కటే అడిగింది. మునిలక్ష్మి ఒక్కొక్కటే చెప్పింది. మజ్జిగ, దోసకాయ, మెట్లు, ఏడు రోజులు. వింటూ వింటూ డాక్టరమ్మ పెన్ను మూత పెట్టేసింది.

"ఆ రోజుల్లో ఒంట్లో నీరు నిలిచి కిలో, రెండు కిలోలు పెరిగినట్టు కనిపిస్తాయి. తర్వాత వాటంతట అవే పోతాయి. నువ్వు తరిమింది ఆ నీళ్లను. పోయింది రక్తం. అప్పుడే కదా ఆకుకూరలు, పప్పులు, గుడ్లు బాగా తినాలి. ఒళ్లు బాగుంటే నడువు, నీరసంగా ఉంటే నెమ్మదిగా నాలుగడుగులు వేసి కూర్చో. అంతేగానీ ఇదేంటి?"

"ఇప్పుడు ఏం చేయమంటారు మేడం?"

"ఇంత ఎక్కువ ఎందుకు పోతోందో గర్భసంచి స్కాన్ చేసి చూడాలి. మూడు నెలలు మందులు, తిండి. ఈ రక్తంతో నిన్ను బల్ల మీద పడుకోబెట్టలేను."

మునిశేఖర్ కింది అంతస్తులో, చేతికి గొట్టాలతో పడుకుని ఉన్నాడు. మునిలక్ష్మి స్టూలు లాక్కుని కూర్చుని చెప్పింది. వాడు పైకప్పు చూస్తూ అన్నాడు.

"మూడు నెలలా. సర్లే. నా ఆటో గేరుబాక్సు బాగయ్యేదానికీ అన్నే దినాలు పట్టింది, ఆ మెకానిక్కు ఇట్లే చెప్పినాడు."

ఆమె నవ్వలేదు. దుప్పటి బయట వాడి పాదాలు ఉబ్బి, వేళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటున్నాయి.

"అక్కా" అన్నాడు, గొంతు తగ్గించి. "మూడు నెలలు ఉంటానా?"

మునిలక్ష్మి దుప్పటి లాగి ఆ పాదాలు కప్పింది. నాలుగేళ్ల పిల్లవాడికైతే ఏదో ఒక అబద్ధం చెప్పగలిగేది.

ఇంటికి వచ్చి అత్తకు చెప్పినప్పుడు, దేవకమ్మ మొహంలో ఒక్క క్షణం వెలుతురు కనిపించింది. వచ్చినందుకు సిగ్గుపడి అది వెంటనే పోయింది. ఆమె లోపలికి వెళ్లింది.

మూడు వారాల తర్వాత మునిలక్ష్మి మళ్లీ బయట చేరింది. లాడ్జీ నుంచి వచ్చి చాప మీద కూర్చుంది. లోపల కుక్కరు కూత వేసింది, కుక్కరు చల్లారింది, కంచం మాత్రం రాలేదు. అత్త ఎప్పుడూ పిలవకముందే కంచంతో వచ్చే మనిషి. మునిలక్ష్మి గోడకు చేరగిలబడి ఎదురుచూసింది. అడగాలనిపించింది, నోరు రాలేదు. ఇన్నాళ్లూ పెట్టిన తిండిని వద్దనుకుని కుక్కకు వదిలేసిన నోరు అది.

చాలాసేపటికి దేవకమ్మ కంచంతో గడప దగ్గరికి వచ్చింది. సంగటి, మునగాకు పప్పు, ఉడికించిన శనగలు. కింద పెట్టకుండా చేతిలో పట్టుకునే నిలబడింది.

"నిన్ను ఆపేదానికే పెడతా ఉండానని అనుకున్నావు కదా ఇన్నినాళ్లూ."

"అవునత్తా."

"కొంచెం అదే. మిగతాది నడుము కోసరమే." కంచం అంచును బొటనవేలితో తుడిచింది. "నీ గుడ్డలు దండెం మీద సూసినా. ఏడు దినాలు పోతా ఉండాదని నాకు తెలుసు. చెప్తే మందిచ్చి నయం చేసి కోస్తారేమో అని ఆసుపత్రోళ్లకు చెప్పలే. నాదీ తప్పే."

మునిలక్ష్మి దండెం వైపు చూసింది.

"ఇప్పుడు నేను పెట్టే ప్రతి ముద్దా నిన్ను ఆ బల్ల కాడికి నడిపిస్తాది. పెట్టకుంటే నువ్వు యాడో ఒక మెట్టు మీద పడిపోతావు. నేనేం చెయ్యాల్నో నువ్వే చెప్పు మే."

సందులో ఆటో ఒకటి హారను కొట్టుకుంటూ వెళ్లింది.

"పెట్టత్తా" అంది మునిలక్ష్మి. "తర్వాత ఎంతన్నా తిట్టు."

దేవకమ్మ వంగి కంచం చాప అంచున పెట్టింది. లోపలికి పోలేదు. గడప మీద సందు వైపు తిరిగి, మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని కూర్చుంది. మునిలక్ష్మి సంగటి తుంచి పప్పులో అద్దుకుంది. రెండు ముద్దలు దిగాయి. మూడోది గొంతులో నిలిచింది. నమలడం ఆగిన చప్పుడు విన్నట్టు, ముసలామె తల తిప్పకుండానే "ఊ" అంది. మునిలక్ష్మి మింగింది. మళ్లీ ఆగినప్పుడల్లా గడప మీది నుంచి ఆ "ఊ" వస్తూనే ఉంది.