ఏడవని తిమ్మక్క

కౌతాళం పక్కన మా ఊళ్లో ఎవరు పోయినా ముందు తిమ్మక్కకే కబురు. శవం పక్కన కూర్చుని, పోయిన మనిషి బతికిన తీరంతా రాగం తీసి చెబుతూ ఏడిచేది. గట్టు తగాదా ఉన్నవాళ్లు కూడా తువాలు కళ్లకు అద్దుకునేవాళ్లు. పత్తి చేలో ఆమెది నా పక్క సాలే. అక్కడ మాత్రం ఒకటే నవ్వులు.

పోయినేడు ఒక చావింట్లో ఏడుస్తుండగా ఆమె కుడిచేయి వాలిపోయింది, మాట ముద్దయింది. కాసేపటికి సర్దుకుంది. ఇంకో చావింట్లోనూ అంతే. చచ్చినవాళ్లే చేయి పట్టుకుంటున్నారని ఊరు తేల్చేసి నిమ్మకాయలు దిగదుడిచింది. తేల్చడంలో మా ఊరి తర్వాతే ఎవరైనా. అయితే ఒకరోజు పొయ్యి ఊదుతుంటే కూడా చేయి వాలింది. పొయ్యిలో ఏ దయ్యముందని విసుక్కుని, మొగుడు బసవన్న ఆమెను ఆదోనికి, అక్కణ్నుంచి కర్నూలుకు తీసుకుపోయాడు.

జబ్బు పేరు మొయమొయ అన్నారు. మెదడుకు నెత్తురు తీసుకుపోయే పెద్ద నాళాలు సన్నబడిపోయి, వాటి బదులు పత్తి పోగుల్లాంటి సన్న నాళాలు పుట్టుకొస్తాయట. గట్టిగా ఊదినా, వెక్కివెక్కి ఏడిచినా ఆ కాస్త నెత్తురూ అందదట. ఆపరేషన్ అయ్యేదాకా పొయ్యి ఊదొద్దని, ఏడవొద్దని, ఏడిస్తే పడిపోయిన చేయి ఈసారి లేవకపోవచ్చని గట్టిగా చెప్పి పంపారు.

ఆపరేషన్‌కు వారముందనగా తిమ్మక్క తల్లి హనుమంతమ్మ పోయింది.

నేను తిమ్మక్క కుడిచేయి పట్టుకుని పక్కనే కూర్చున్నాను. అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఊరందరికీ ఏడిచింది, కన్నతల్లికి ఒక్క చుక్క రాలేదని తిమ్మక్క వదిన గొణిగింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతలో తిమ్మక్కకు ఊపిరి ఎగదన్నింది. నా చేతిలో ఆమె వేళ్లు వదులవుతున్నాయి. భయమేసి, వద్దక్కా అన్నాను. కళ్లు మూసుకుని మెల్లగా ఊపిరి తీసుకుంది.

"నేను ఏడ్సగూడదంట. నేను సెప్తాను, మీరు ఏడ్సండి" అంది.

రాగం లేదు. కూలి పనికి పోతూ తల్లి తనను వీపున కట్టుకున్న సంగతి చెప్పింది. ఇంట్లో గ్యాసున్నా బసవన్నకు కట్టెల పొయ్యి మీది జొన్నరొట్టే కావాలి. డాక్టర్లు ఊదొద్దన్న నాటి నుంచి ఆ ముసలామె రోజూ పొద్దున్నే వీధి దాటి వచ్చి కూతురి పొయ్యి ఊదిపోయేదట. మాకెవరికీ తెలియదు.

"రేపట్నుంచి నా పొయ్యి ఎవురు ఊదుతారమ్మా?" అని తల్లినే అడిగింది.

అందరికంటే ముందు ఆ వదినే ఘొల్లుమంది. నేనూ ఆగలేకపోయాను. తిమ్మక్క మాత్రం ఏడవలేదు, నా చేతిని గట్టిగా పట్టుకునే ఉంది.