టీవీలో మాయమైనోడు, పుస్తకంలో లేచినోడు

మా చిన్నప్పుడు... కర్ణాటక సరిహద్దులోని బాగేపల్లిలో సాయంత్రం కరెంటు ఉంటే వీధిలో పిల్లలంతా మా ఇంట్లోనే. కార్డుల ఆట కార్టూన్ వచ్చేది. హిందీలో... మాకు సగం కూడా అర్థమయ్యేది కాదు. కానీ ఒక్కటి మాత్రం అందరికీ తెలుసు. ఆటలో ఓడినవాణ్ణి నల్లపొగ చుట్టేస్తుంది. అంతే... మళ్ళీ కనపడడు.

ఎక్కడికి పోయాడో ఎవరూ చెప్పరు. ఆ భయంతోనే టీవీ ఆపాక కూడా నేను వంటింట్లోకి ఒక్కదాన్నే పోయేదాన్ని కాదు.

ఎదురింటి నాగరాజు దగ్గర అదే కథ బొమ్మల పుస్తకం ఉండేది. లారీ క్లీనరుగా పోయే వాళ్ళన్న శీనన్న బెంగళూరు ఫుట్‌పాత్ మీద కొనుక్కొచ్చాడు. అట్టలు రెండూ ఊడిపోయాయి. లోపల నలుపు తెలుపు బొమ్మలు, ఇంగ్లీషు మాటలు. మేమేమో కన్నడ మీడియం... బొమ్మలు చూసుకుంటూ పేజీలు తిప్పడమే.

పుస్తకం టీవీ కంటే ఘోరం. పొగ లేదు, మాయం కావడం లేదు. టీవీలో మాయమయ్యే కళ్ళద్దాల పిల్లోడు ఇందులో నేలమీద పడి ఉంటాడు... కళ్ళు తెరిచే. కానీ పేజీ తిప్పితే లేచి కూర్చుంటాడు. ఇంకో పేజీలో చేతిలో కార్డులు. ఆ తర్వాత నవ్వుతుంటాడు.

"టీవీవాళ్ళు కతంతా చెడగొట్టినారు. పుస్తకంలో లేస్తాడు సూడు" అని నాగరాజు మాతో కొట్లాడేవాడు.

ఆ వానాకాలం శీనన్నకు జ్వరం పట్టుకుంది. కళ్ళు పచ్చబడ్డాయి. ఇక్కడి డాక్టరు చేతులెత్తేస్తే వాళ్ళ నాన్న బెంగళూరు పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. రోజూ అంగడి ఫోనుకు ఒకే కబురు... "అట్లే ఉండాడు."

నాగరాజు టీవీకి రావడం మానేశాడు. గడపలో కూర్చుని వాళ్ళమ్మ ఈరమ్మకు పుస్తకం తిప్పి చూపించేవాడు. ఆమెకు ఏ భాషా చదవడం రాదు. పడిపోయిన పిల్లోడు లేవడం చూసి, పుస్తకానికి కుంకుమ బొట్టు పెట్టి దేవుడి గూట్లో పెట్టింది. మా ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

అప్పుడే చింతామణి ఊరి నుంచి మా బావ వచ్చాడు. ఇంగ్లీషు మీడియం... తనకు తెలియనిది లోకంలో లేదన్నట్టు మాట్లాడేవాడు. నాగరాజును బతిమాలి పుస్తకం తెచ్చి చూపించాను.

"ఓసి పిచ్చిదానా, ఇది జపానోళ్ళది. ఎనక నుంచి ముందుకు, కుడి నుంచి ఎడమకు సదవల్ల" అని తిరగేశాడు.

నవ్వుతున్న పిల్లోడు. చేతిలో కార్డులు. నుదుటి మీద చెమట. నేలమీద... కళ్ళు తెరిచే. ఆ తర్వాతి పేజీలో వాడు లేడు.

పుస్తకం గూట్లో కనపడక ఈరమ్మ వెతుక్కుంటూ వచ్చింది. వెనకాలే నాగరాజు. బావను చూడగానే అడిగింది. "ఏమప్పా, నువ్వు ఇంగ్లీషు సదివినోడివంట గదా. మావాడు చెప్పేది నిజమేనా? ఆ పిల్లోడు లేస్తాడా?"

బావ నావైపు చూశాడు. తన మాటే నెగ్గాలని అందరితో వాదించే మనిషి... పుస్తకాన్ని మెల్లగా మళ్ళీ మేము చూసే పక్కకే తిరగేశాడు.

"లేస్తాడమ్మా. నాగరాజు సరిగ్గానే చూసినాడు" అన్నాడు.

ఆమె పుస్తకం కళ్ళకద్దుకుని పోయింది. ఆ సాయంత్రం బావ అన్నం తినలేదు.

మరుసటిరోజు మధ్యాహ్నం హైవే మీంచి ఒక తెల్ల వ్యాను మా వీధిలోకి తిరిగింది. నాగరాజు నాన్న ముందు సీట్లోంచి దిగి, ఇంట్లోకి పోకుండా వాకిట్లోనే కూలబడ్డాడు. వెనక తలుపు తీశారు. నాగరాజు పరుగున ఎక్కి శీనన్న భుజం పట్టుకుని కుదిపాడు.

"లెయ్యన్నా... లెయ్... నువ్వు లేస్తావు."

ఎంత పిలిచాడో... చివరికి మా నాన్న ఎత్తుకుని దించాడు.

ఇప్పుడు మా అబ్బాయి అదే కార్టూన్ ఫోన్‌లో చూస్తాడు. అసలు పుస్తకంలో ఏముందో అప్పటికప్పుడే వెతికేస్తాడు. మంచిదే... మోసపోడు. మాకు మాత్రం తప్పు తెలియడానికి చింతామణి నుంచి ఒకరు రావాల్సి వచ్చింది. ఆలోపు ఒక తల్లి కొన్ని రాత్రులైనా నమ్మకంతో నిద్రపోయింది.

మీరూ చిన్నప్పుడు ఏదైనా తప్పుగా చదివి నమ్మారా? చెప్పండి... మిమ్మల్ని సరిదిద్దింది ఎవరో, తెలిసీ సరిదిద్దకుండా వదిలేసింది ఎవరో కూడా.